మెట్టినింటి మెట్లు

తెలుగులో 'మెట్టు' అన్న మాటకి రెండు పనులు. నామవాచకంగా అయితే మనం ఎక్కే మెట్టు. క్రియగా అయితే కాలు మోపడం, తొక్కడం. పెళ్ళయి కాలు మోపిన ఇల్లు కాబట్టి మెట్టినిల్లు. ఆ కాలి వేళ్ళకి పెట్టుకునేవి మెట్టెలు. బి.ఏ.లో తెలుగు చదివే రోజుల్లో ఈ మాటల చుట్టరికం చూసి ముచ్చటపడేదాన్ని. మెట్టినింటికి వచ్చి, నీళ్ళోడుతున్న బట్టల బకెట్టుతో రోజుకి నాలుగుసార్లు మేడ ఎక్కి దిగడం మొదలయ్యాక ఇంకో సంగతి తెలిసింది. ఇంట్లో మెట్లు అందరికంటే ఎక్కువసార్లు ఎక్కేది మనమే. కానీ ఆ మెట్టు ఎంత ఎత్తుండాలి, పాదం పట్టేంత వెడల్పు ఉందా లేదా అని మనల్ని అడిగినవాళ్ళు లేరు.

పాత ఇళ్ళ గురించి రాసేవాళ్ళు గడప గురించి, అరుగు గురించి, పెరట్లో బావి గురించి మురిపెంగా రాస్తారు. మెట్ల గురించి రాసింది నేను పెద్దగా చదవలేదు. ఈమధ్య మా ఇంట్లో మెట్లు మార్చే పని పడింది. ఆ సందర్భంగా మా పల్నాడు ఇళ్ళలో మెట్లు ఎలా పుట్టాయి, ఎలా మారాయి అని ఆరా తీయడం మొదలుపెట్టాను. ఆ వివరాలే మీతో చెప్పుకుందామని.

మాది నరసరావుపేట. మల్రాజు వారి జమీందారీలో, రాజా నరసారావు పేరు మీద వెలిసిన ఊరు. పేట అంటేనే అంగళ్ళ ఊరు కదా. అందరికీ బజారు వైపు ముఖం కావాలి. అందుకే పాత వీధుల్లో ఇళ్ళు ముఖం ఇరుగ్గా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. మా ఇంటి ముఖం 16 అడుగులు, లోతు 70 అడుగులు. అటు ఇంటికీ ఇటు ఇంటికీ మధ్య సందు లేదు, గోడకి గోడ. దస్తావేజులో కూడా 'ఉమ్మడి గోడ' అనే రాసి ఉంది. మాచర్ల, గురజాల పాత బజార్లలో తిరిగినా ఇలాంటి వరస ఇళ్ళు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. ఒక ఇంట్లో పోపు పెడితే మూడో ఇంట్లో తుమ్ముతారు.

వరస ఇంటికి పక్కల్నించి వెలుతురు రాదు, గాలి రాదు. రావాలంటే ముందు నుంచో, వెనక నుంచో, లేదా మండువా లోంచి పైనుంచో రావాలి. మెట్లకీ అదే ఇబ్బంది. విడిగా కట్టిన ఇంటికైతే ఏ పక్క గోడకో ఆనించి బయట మెట్లు వేసుకోవచ్చు. వరస ఇంట్లో మెట్లు ఇంటి కడుపులోనే ఉండాలి. ఉన్న కాస్త జాగాలో గదులు, గాదెలు, దేవుడి గూడు, పొయ్యి అన్నీ అమరాక, మిగిలిన చీకటి మూల మెట్ల వాటాకి వచ్చేది.

ఈ ఇబ్బంది మనకొక్కళ్ళకే కాదట. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలవల పక్కన వందల ఏళ్ళ నాటి వరస ఇళ్ళున్నాయి. ముఖాలు ఇరుకు, మూడు నాలుగు అంతస్తుల ఎత్తు, లోపల నిచ్చెన లాంటి నిటారు మెట్లు. ఆ మెట్ల మీంచి మంచం, బీరువా ఎక్కించడం వాళ్ళ వల్ల కాదు. అందుకని ప్రతి ఇంటి నెత్తిన ముందుకి పొడుచుకొచ్చిన దూలం, దానికో ఇనుప కొక్కెం పెట్టుకున్నారు. తాడు వేసి సామాను కిటికీలోంచి పైకి లాగుతారు. మెట్లు మనుషులకి, బరువులు తాటికి అన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక మన దగ్గర మొదట్లో మెట్లే లేవు, నిచ్చెనే ఉండేది. పల్నాటి పల్లెల్లో ఇల్లంటే మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద చెక్కలో నాపరాళ్ళో పరిచి, పైన మట్టి తొక్కేవాళ్ళు. వానాకాలం వచ్చే ముందు మిద్దె ఎక్కి మట్టి సరిచేసుకోకపోతే ఇల్లంతా కురుస్తుంది. మగవాళ్ళకి మిద్దె ఎక్కే పని ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఆడవాళ్ళకి అలా కాదు. మిరపకాయలు ఆరబెట్టాలి, వడియాలు పెట్టాలి, చింతపండు ఎండబెట్టాలి, మబ్బు పడితే అన్నీ చుట్టుకుని పరుగున దిగాలి. నిచ్చెన పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. నెత్తిన గంప ఉంటే ఆ రెండు చేతులు ఎక్కణ్ణించి వస్తాయి?

నిచ్చెన తర్వాత వచ్చింది నాపరాయి మెట్టు. మన నేలలో ఉన్న వరం ఈ రాయి. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ చుట్టుపక్కల నేల కింద పొరలు పొరలుగా ఉంటుంది. సమ్మెటతో, గునపంతో పొర పట్టి లేపితే పలకలు పలకలుగా వస్తుంది. మావైపు గచ్చుకీ, కప్పుకీ, పశువుల కొట్టానికీ, చేలగట్టుకీ అన్నిటికీ ఇదే. గోడ కట్టేటప్పుడే వరసకో పలక చొప్పున ఒక కొస గోడలోకి పోనిచ్చి రెండో కొస బయటికి వదిలేస్తారు. గోడ బరువే ఆ పలకని అదిమి పట్టుకుంటుంది. కింద ఆధారం అక్కర్లేదు, కర్ర ఖర్చు లేదు, చెద పట్టదు, చోటు తినదు. మా పెరటి గోడకి ఇప్పటికీ అలాంటివి తొమ్మిది మెట్లున్నాయి. ఒక్కోటి మోకాలు దాకా ఎత్తు. పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఫోన్లలో 'ఫ్లోటింగ్ స్టెయిర్స్' అని గాల్లో తేలుతున్నట్టుండే మెట్ల బొమ్మలు చూపిస్తున్నారు చూశారా? ఒక కొస గోడలో, రెండో కొస గాల్లో. కొత్త డిజైన్ అంటున్నారు. మన పెరటి గోడ మెట్లూ అవే. తేడా ఏమిటంటే అక్కడ గోడ లోపల ఇనుప చట్రం ఉంటుంది, ఇక్కడ రాతి గోడ బరువుంటుంది. అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒకటే: మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలో చీర కుచ్చిళ్ళు ఇరుక్కుంటాయి, పాకే పిల్ల కాలు దిగబడుతుంది.

మరి ఈ రాతితో మంచి మెట్లు కట్టడం మనవాళ్ళకి రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. నాగార్జునకొండ లోయలో 1700 ఏళ్ళ కిందట ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడ ఈ పలనాటి నాపరాయితోనే స్తూపాలకి పలకలు చెక్కారు, స్తంభాలు నిలబెట్టారు, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం మెట్లు కట్టారు. జనం కూర్చుని ఆటలు చూడటానికి నాలుగు వైపులా మెట్ల వరసలతో పెద్ద క్రీడాస్థలం కట్టారు. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగాక, లోయ మునిగిపోయే లోపు తవ్వి తీసి, కొన్ని కట్టడాలని నాగార్జునకొండ ద్వీపం మీద, కొన్నిటిని మాచర్ల దగ్గర అనుపులో మళ్ళీ నిలబెట్టారు. స్నానఘట్టం కొండ మీద ఉంది, క్రీడాస్థలం అనుపులో ఉంది. పిల్లల్ని తీసుకుని అనుపు వెళ్ళినప్పుడు ఆ మెట్ల మీద మా అత్తయ్య గంటసేపు హాయిగా కూర్చుంది. మెట్టు తక్కువ ఎత్తు, పాదం మొత్తం ఆనేంత వెడల్పు. విహారాల ముందు మెట్ల మొదట్లో అర్ధచంద్రాకారంలో చెక్కిన పలక ఉంటుంది, చంద్రశిల అంటారు. మొదటి అడుగు పెట్టే చోటుని కూడా అంత శ్రద్ధగా చూసుకున్నారు.

ఆ లోయ శాసనాల్లో ఆడవాళ్ళ పేర్లు ఎన్నో ఉన్నాయి. మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి, వీరపురుషదత్తుడికి మేనత్త. చైత్యగృహం కట్టించి సింహళ భిక్షువులకిచ్చిన బోధిసిరి ఓ ఉపాసిక. రాతి మీద పేరు చెక్కించుకోగలిగిన ఆడవాళ్ళు పుట్టిన గడ్డ ఇది. నదికీ గుడికీ సభకీ నాలుగు కాలాలు నిలిచే సుఖమైన మెట్లు వేసిన గడ్డ. ఇంటి లోపలికి వచ్చేసరికి మాత్రం మెట్టుకి చోటు కరువైంది. నలుగురూ చూసే మెట్టుకి కొలత ఉంది, ఆడవాళ్ళు ఎక్కే మెట్టుకి లేదు.

నాపరాయి పలకగానే ఆగిపోలేదు. అదే రాయిని బట్టీలో కాలిస్తే సున్నం అవుతుంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీల పేరు వినని మేస్త్రీ మావైపు ఉండడు. సున్నంలో ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద గుండ్రటి కాలవలో నూరితే గానుగ సున్నం. ఇటికలు, గానుగ సున్నం, టేకు దూలాలు కలిశాక మట్టి మిద్దె స్థానంలో మేడ వచ్చింది. మేడ వచ్చాక మెట్లు ఇంటి లోపలికి వచ్చాయి, కర్రతో.

మా ఇల్లు ఆ కాలంది. మా మామయ్యగారి తండ్రి కట్టించారు. కింద సరుకు, పైన కాపురం. కర్ర మెట్లకి పైన ఒక మూత తలుపు. రాత్రిపూట ఆ మూత వేసి గడియ పెడితే కింద దొంగలు పడ్డా పైకి రాలేరు. కాపలాకి మంచి ఏర్పాటే. కింద గది కప్పు 11 అడుగుల ఎత్తు. ఆ 11 అడుగులకీ 13 మెట్లు. లెక్క వేయండి: 132 అంగుళాలని 13తో భాగిస్తే మెట్టు పది అంగుళాలకి పైనే. కాలు పెట్టే వెడల్పు ఏడు అంగుళాలు, అంటే పాదంలో మడమ బయటే ఉంటుంది. ఎక్కేటప్పుడు ముందుకి వంగి, దిగేటప్పుడు వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాలి. మొత్తం మెట్లు తిన్న చోటు ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. కట్టించినవారికి అదే ఘనత: చూడండి, ఎంత తక్కువ చోట్లో మేడ ఎక్కించానో అని.

ఆ మెట్ల మీంచే మా పెద్దత్తయ్య పడింది. నేను కాపురానికి రాకముందు మాట. చింతపండు బుట్ట చంకన పెట్టుకుని దిగుతోందట. తుంటి విరిగింది. ఆ తర్వాత మంచం మీంచి లేవలేదు. ఇంట్లో ఈ సంగతి చెప్పేటప్పుడు అందరూ ఒకటే అంటారు, 'పాపం, చూసుకోకుండా దిగింది' అని. చూసుకోవడానికి ఆ చీకటి మూలలో ఏం కనిపిస్తుందో ఎవరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోని గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అందులోనూ అరవై దాటినవాళ్ళకే ముప్పు ఎక్కువ. అంతమందీ చూసుకోకుండా దిగినవాళ్ళేనా?

మూడో దశ సిమెంటు. దీనికీ మూలం ఆ రాయే. నాపరాయి సున్నపురాయే కదా, దానికి తగిన మట్టి కలిపి ఇంకా ఎక్కువ వేడిలో కాల్చి పొడి చేస్తే సిమెంటు. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. అవతల సాగర్ కడుతున్నారు, ఇవతల ఊళ్ళలో డాబాలు లేస్తున్నాయి. మా పల్నాడులో పలక, సున్నం, సిమెంటు, మూడు తరాల మెట్లూ ఒక్క రాయి బిడ్డలే.

కడ్డీలు కట్టి కాంక్రీటు పోస్తే మెట్లు ఎక్కడ కావాలంటే అక్కడ వంగుతాయి. అయినా వరస ఇళ్ళలో ఆడవాళ్ళ కష్టం తీరలేదు. ఒకటి, సిమెంటు కరువు. అప్పట్లో సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణ ఉండేది. 1982లో కొంత, 1989లో పూర్తిగా ఎత్తేశారు. దొరికే నాలుగు బస్తాల్లో కప్పుకి పోగా మిగిలిందే మెట్లకి. రెండు, మెట్లు ఇంట్లోంచి వీధిలోకి వచ్చేశాయి. పై వాటా అద్దెకివ్వాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా మెట్లు బయట ఉంటేనే వీలు. బయటంటే వరస ఇంటికి ఒక్కటే చోటు, వీధి అరుగు. అలా అరుగులు పోయి వాటి మీద నిటారు మెట్లు లేచాయి. సాయంత్రాలు ఆడవాళ్ళు కూర్చుని పూలు కట్టుకునే చోటు పోయింది. పంపకాల కాగితాల్లో 'మెట్లు ఉమ్మడి' అని రాస్తారు. ఉమ్మడి మెట్లు ఎవరు కడగాలన్న తగువు మాత్రం తోడికోడళ్ళకే వస్తుంది.

ఇంతకీ మెట్టుకి కొలత లేదా? ఉంది, మూడున్నర వందల ఏళ్ళ నుంచీ ఉంది. 1675లో ఫ్రాన్సులో బ్లాండెల్ అనే వాస్తుశిల్పి తన పుస్తకంలో ఒక సూత్రం రాశాడు. మనిషి నడిచే అడుగు పొడవు ఇంత అని ఉంటుంది. పైకి ఎత్తే కాలికి రెట్టింపు శ్రమ. కాబట్టి మెట్టు ఎత్తుని రెండుతో గుణించి, దానికి మెట్టు వెడల్పు కలిపితే ఒక అడుగు పొడవు రావాలి. ఆయన లెక్క ఫ్రెంచి అంగుళాల్లో 24, మన అంగుళాల్లో దాదాపు 25న్నర. ఇప్పటికీ ఇంజనీర్లు 24, 25 అంగుళాల చుట్టూనే చూసుకుంటారు. ఎత్తు ఏడు, వెడల్పు పది అనుకోండి, ఏడూ ఏడూ పద్నాలుగు, పది కలిపితే 24. సరిపోయింది. మా పాత మెట్టు చూడండి, పదీ పదీ ఇరవై, ఏడు కలిపితే 27. దానికి కావలసింది మనిషి కాలు కాదు, మేక కాలు.

మన దేశంలోనూ నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉంది. 1970లో మొదటిసారి వచ్చింది, 2016లో మళ్ళీ సవరించారు. ఇంటి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదు. వెడల్పు 250 మిల్లీమీటర్లకి, అంటే దాదాపు పది అంగుళాలకి తగ్గకూడదు. ఒక వరసలో ఎన్ని మెట్లుండాలో దానికీ హద్దు ఉంది, మధ్యలో ఆగే చోటుండాలి. రెండంతస్తుల వరస ఇళ్ళకి ప్రత్యేకంగా ఒక సడలింపు ఇచ్చారు: మెట్ల దారి వెడల్పు 75 సెంటీమీటర్లున్నా చాలు. మన ఇరుకు వాళ్ళకీ తెలుసన్నమాట. కానీ ఇరుకు పేరు చెప్పి ఎత్తు పెంచడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మా ఇంట్లో మాట మొదలైంది ఇక్కడే. అత్తయ్యకి డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగాయి. ఆరేళ్ళుగా మేడ ఎక్కలేదు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే ప్రభలు కదిలితే ఊరంతా డాబాల మీద ఉంటుంది, ఆవిడ కింద వసారాలో కూర్చుని చప్పుడు వింటుంది. మెట్లు మారుద్దామంటే కావలసిన చోటు లెక్క వేశాను. 132 అంగుళాలకి 19 మెట్లు వేస్తే ఒక్కోటి ఏడంగుళాల లోపు. పది అంగుళాల వెడల్పు. మధ్యలో మూడడుగుల ల్యాండింగ్ పెట్టి అక్కడ వెనక్కి తిప్పితే, పొడవు పదిన్నర అడుగులు. రెండు వరసలూ ఒక్కోటి రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు, మధ్యలో అడుగు ఖాళీ, మొత్తం వెడల్పు ఆరున్నర. పాత మెట్లు తిన్నది 14 చదరపు అడుగులు, కొత్తవి తినేది 68. ఆ తేడా వీధి గదిలోంచి రావాలి. వీధి గది ఇరవై ఏళ్ళుగా కొట్టుకి అద్దెకిచ్చాం.

మా బావగారు ఒప్పుకోలేదు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. 'గది సగమైతే అద్దె సగమవుతుంది. ఆ అద్దెతోనే కదమ్మా అమ్మ మందులు వస్తున్నాయి' అన్నారు. కావాలంటే పెరట్లో గుండ్రటి ఇనుప మెట్లు వేయిద్దాం, తక్కువలో పోతుంది అన్నారు. గుండ్రటి మెట్టు బయట అంచున వెడల్పుగా ఉన్నా లోపలి అంచున వేలెడు ఉండదు. బకెట్టుతో ఎక్కేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎటు కాలు పెడతారు? మా మరిదేమో తాతగారి కర్ర మెట్లు తీసేయడమేమిటి, పాలిష్ చేయిస్తే ఎంత అందంగా ఉంటాయి అన్నాడు. అతను హైదరాబాదులో ఉంటాడు, సంక్రాంతికి వచ్చి మూడు రోజులు ఎక్కుతాడు. అన్నిటికంటే గట్టిగా అడ్డం చెప్పింది అత్తయ్యే. 'నేను మేడ ఎక్కకపోతే ఏం మునిగిందమ్మాయ్? గది పోగొట్టుకోకండి' అంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తమ కోసం ఏదీ అడగరు. అడగలేదు కదా అని మనం అవసరం లేదనుకుంటాం.

నేను ఎవరితోనూ వాదించలేదు. ఒక కాగితం మీద వారం రోజులు ఎవరు ఎన్నిసార్లు మేడ ఎక్కారో రాసి గోడకి అంటించాను. నేను 31, తోడికోడలు 26, పిల్లలు కలిపి 22, మా వారు 5, బావగారు 4, అత్తయ్య సున్నా. బావగారు ఆ సున్నా దగ్గర కాసేపు ఆగారు. మర్నాడు మేస్త్రీని ఆయనే పిలిపించారు.

పని మొదలయ్యాక నేర్చుకున్నవి చెబుతాను, పాత వరస ఇంట్లో మెట్లు మార్చాలనుకునేవాళ్ళకి పనికొస్తాయి. ముందుగా ఉమ్మడి గోడ జోలికి పోకూడదు. గోడలో ఉన్న పాత పలకలు పీకితే పక్కింటి గోడ కూడా కదులుతుంది. అందుకే పెరటి తొమ్మిది మెట్లూ అలాగే వదిలేశాం. కార్తీకంలో వాటి మీద దీపాలు పెడుతున్నాం. కొత్త మెట్ల బరువు ఉమ్మడి గోడ మీద పడకుండా, వాటి కాళ్ళ మీద అవే నిలబడేట్టు స్తంభాలు వేయించాం. పక్కింటివాళ్ళకి ముందే కబురు చెప్పి, పనివాళ్ళు గోడ కొట్టడం లేదని పిలిచి చూపించాం. సున్నపు గోడకి సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక గోడ ఉబ్బుతుంది. ఆ గోడకి మళ్ళీ సున్నమే పూయించాం.

మెట్లన్నీ ఒకే ఎత్తు ఉన్నాయా అని టేపు పట్టి చూడండి. రెండు మెట్లు ఎక్కేసరికి కాలు ఆ ఎత్తుని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాతది అరంగుళం తేడా ఉన్నా తడబడతాం. మేస్త్రీలు కింది మెట్టునో పై మెట్టునో సర్దేస్తారు, గచ్చు వేశాక తేడా వచ్చింది అంటారు. గచ్చు మందం ముందే లెక్కలో కలుపుకోవాలి. మెట్ల మీద మెరిసే గ్రానైటు వద్దన్నాను. తడి కాలికి అది అద్దమే. గరుకు నాపరాయి పరిపించాం, మా నేల రాయి. చేతి ఊతకి రెండు వైపులా గుండ్రటి కర్ర పెట్టించాం. అది పాత మెట్ల టేకే, మా మరిది కోరికా తీరింది. మెట్ల నెత్తిన కప్పులో అద్దం పలక పెట్టిస్తే మండువాలో లాగా పగలంతా వెలుతురు. మెట్లు 19 కాబట్టి బేసి సంఖ్య కుదిరింది, అత్తయ్యకి ఆ పట్టింపూ తీరింది.

ఆ అడుగు ఖాళీ ఎందుకు వదిలానో చెప్పలేదు కదా. పైన కప్పుకి బావి గిలక బిగించి, తాడూ బుట్టా వేలాడదీశాం. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళ కొక్కెం గుర్తుందా, అదే. తడి బట్టలు, మిరపకాయలు, వడియాల పిండి బుట్టలో పెట్టి లాగేస్తాం. మనం ఖాళీ చేతులతో ఊత పట్టుకుని ఎక్కుతాం. పూడ్చిన బావి తాలూకు గిలక అటక మీద తుప్పు పట్టి పడి ఉంది. దానికి నూనె పోయడం తప్ప ఖర్చేమీ కాలేదు.

అద్దె తగ్గింది. అందులో దాపరికం లేదు. సగం గదిలో కొట్టువాళ్ళు ఉండమన్నారు, ఇప్పుడో టైలరు ఉంటున్నాడు. నెల నెలా ఆ తేడా మాకు తెలుస్తూనే ఉంది, బావగారూ మేమూ పంచుకుంటున్నాం. అత్తయ్య మేడ రోజూ ఎక్కదు. ఎక్కే రోజుల్లో తొమ్మిది మెట్లు ఎక్కి ల్యాండింగ్ మీద పీట వేసుకుని కూర్చుంటుంది. పైనుంచి వెలుతురు పడుతుంది, కింద వీధి గుమ్మం కనిపిస్తుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తుంది. పోయిన అరుగు మా ఇంట్లో సగం ఎత్తులో మళ్ళీ దొరికింది.

మీకో చిన్న పని చెబుతాను. ఈ ఆదివారం టేపు తీసుకుని మీ ఇంటి మెట్టు కొలవండి. ఎత్తుని రెండింతలు చేసి వెడల్పు కలపండి. 24, 25 దగ్గర వస్తే మీ మేస్త్రీ మంచివాడు. చాలా ఎక్కువొస్తే, గోడ మీద వారం రోజులు ఓ కాగితం అంటించండి. మీ లెక్కలో సున్నా ఎవరికి వచ్చిందో నాకూ చెప్పండి.